ఆదివాసి బిడ్డలు – ఆవాస మనోవైద్యము

కెనడా దేశమున ఆంటారియో రాష్ట్రపు ప్రధాన మరణవిచారణాధికారి నియమించిన నిపుణుల సంఘము 2018 సెప్టెంబరులో ఒక నివేదికను వెలువరించినది. 2014 జనవరి మొదలు 2017 జూలై వరకు, ఇంటికి దూరమైన ఆవాసములలో ప్రభుత్వ సంరక్షణమున నుండి మరణించిన పండ్రెండుగురు యువజనుల చరిత్రలను ఆ సంఘము పరిశీలించినది. ఆ పండ్రెండుగురిలో ఎనమండుగురు ఆదివాసుల బిడ్డలు. వీరు దిక్కుమాలి వీథుల పాలైనవారు కారు. మనోవ్యథతో కుములుచుండగా, ఇంట నుంచుట క్షేమము కాదని యెంచి, రక్షణకొఱకే ప్రభుత్వము తన చేతులలోనికి తీసికొనిన పిల్లలు. ఒక యింటినుండి మఱియొక యింటికి, ఒక ఊరినుండి మఱియొక ఊరికి మార్చబడుచు, చివరకు తమ్మెఱిగినవా రొక్కరైన చెంతలేని చోట ప్రాణములు విడిచిరి. రక్షింప దలచినవాని చేతిలోనే రక్షితుడు మరణించినచో ఆ తప్పు ఎవరిది? ఒక ఉద్యోగిదా, ఒక గృహముదా, లేక ఆ పద్ధతికి మూలమైన భావముదా? మూడవదే ప్రధానమని మా యభిప్రాయము.

ఎక్కడి ఆంటారియో, ఎక్కడి గోదావరి తీరము, ఈ విచారము మనకేల యని చదువరులలో కొందరు తలపవచ్చును. మన మన్యపు బిడ్డలు వేలకొలది ప్రభుత్వ వసతులలో పెరుగుచున్నారు. ఆ ప్రసంగము చివరకు వచ్చెదము. ముందు కెనడా కథను పూర్తిగా వినుట మంచిది. ఏలయన, అచ్చట నూఱేండ్లకు పైగా జరిగిన తప్పునకును, ఇటీవల ఆరంభమైన దిద్దుబాటునకును లెక్కలు, నివేదికలు, తీర్పులు ఉన్నవి. మనవద్ద తప్పు లున్నంతగా లెక్కలు లేవు.

ఆవాస చికిత్స యననేమి? ప్రాణము తీసికొనవలెనను తలంపు వీడని బాలుడు, మత్తునకు లోబడిన బాలిక, చెవిలో లేని మాటలు వినబడు యువకుడు, ఇట్టివారిని కొన్ని వారములో కొన్ని నెలలో ఒక గృహమున నుంచి, వైద్యుడు, ఉపదేశకుడు, ఉపాధ్యాయుడు కలిసి స్వస్థత కలిగింప యత్నించు పద్ధతి యిది. ఇట్టి గృహములు వలదని మేము చెప్పము. ఇల్లే గాయమైనప్పుడు ఇల్లు విడుచుట యొక్కొక్కప్పుడు ప్రాణరక్షణము. కాని ఆ గృహము ఎచ్చట నుండవలెను, ఎవరి యధికారమున నుండవలెను, అందు ఏ భాష వినబడవలెను అను ప్రశ్నలు మందుల పట్టీకంటె తక్కువవి కావు. ఉత్తర ఆంటారియోలో ఓజిబ్వే, క్రీ జాతుల పల్లెలు పెక్కింటికి రహదారి లేదు. వేసవిలో చిన్న విమానము, చలికాలమున గడ్డకట్టిన నదులమీది మంచుబాట, ఇవే దారులు. అట్టి పల్లెలో ఒక పిల్ల మనసు విఱిగినచో ఆమెను విమాన మెక్కించి, వందల మైళ్ల దక్షిణమున నున్న పట్టణమున దింపుదురు. ఇంకను ఉత్తరమున నునావుత్ మండలమునుండి ఇన్యూట్ బాలబాలికలనుగూడ ఇట్లే దక్షిణ రాష్ట్రములకు పంపుచున్నారు. చెట్టన్నది లేని మంచునేలపై పెరిగిన బిడ్డ ఒక దినమున మేలుకొని చూచునప్పటికి చుట్టును ఎత్తైన గోడలు, ఎఱుగని ముఖములు, ఎఱుగని తిండి. ఆమె మాట్లాడదు. మాట్లాడకుండుటను రోగలక్షణముగా పట్టీలో వ్రాసికొందురు.

2021 జనగణన ప్రకారము కెనడాలో పదునైదేండ్లలోపు పిల్లలలో ఆదివాసులు నూటికి 7.7 మంది. పరుల యిండ్లలో ప్రభుత్వ సంరక్షణమున పెరుగు పిల్లలలో వారు నూటికి 53.8 మంది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవానికి వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు. ఆదివాసి తల్లిదండ్రులందఱును క్రూరులా? కారు. పెక్కు సందర్భములలో బిడ్డను తీసికొనుటకు చూపబడు కారణము హింస కాదు, లేమి. ఇరుకైన యిల్లు, మంచినీరు లేమి, తల్లి త్రాగుడు, చెంత వైద్యుడు లేకుండుట. ఇంటికి నీరిచ్చుటకు లేని ధనము, ఆ యింటి బిడ్డను పరాయి గృహమున నుంచుటకు మాత్రము బొక్కసమున దొరకుచున్నది.

ఈ దూరగృహములను చూచి ఆ జాతుల పెద్దలు ఎందుకు ఉలికిపడుదురో తెలియవలెనన్న, వారి జ్ఞాపకమున నేమున్నదో తెలియవలెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి కెనడా ప్రభుత్వము క్రైస్తవ సంఘముల చేతికి ధనమిచ్చి ఆదివాసి బాలబాలికలకు వసతి పాఠశాలలు నడిపించినది. 1920లో శాసనమును సవరించి, పిల్లలను పంపుట తప్పనిసరి చేసినది. మొత్తము మీద లక్షయేబదివేలకు పైగా పిల్లలు ఆ గోడల నడుమ గడపిరి. కడపటివి మూతపడునప్పటికి 1990 దశకము గడచుచుండెను. లోపలికి రాగానే జుట్టు కత్తిరించిరి. ఇంటినుండి తెచ్చుకొనిన దుస్తులను తీసివేసిరి. పేరునకు బదులు అంకె యిచ్చిరి. తల్లి నేర్పిన భాష నాలుకపై వచ్చినచో శిక్షించిరి. 1907లోనే డాక్టరు పీటర్ బ్రైస్ అను ప్రభుత్వ వైద్యాధికారి పడమటి మండలములోని కొన్ని పాఠశాలలను తనిఖీ చేసి, చేరిన పిల్లలలో దాదాపు నాల్గవవంతు మరణించిరని లెక్కగట్టి పైకి పంపెను. గాలి వెలుతురు లేని గదులలో క్షయ ప్రబలుచున్నదని చెప్పెను. పైవారు వినలేదు. ఉద్యోగము విడిచిన తరువాత 1922లో ఆయన దానిని జాతీయాపరాధమని పేర్కొనుచు ఒక చిన్న పుస్తకమును స్వయముగా ప్రకటించెను. ప్రభుత్వము పార్లమెంటున క్షమాపణ చెప్పినది 2008 జూన్ 11వ తేదీన. నడుమ నెన్ని తరములు గడచినవో చదువరులే లెక్కించుకొందురుగాక. 2015లో ముగిసిన సత్యశోధన సంఘము 3,200 మంది పిల్లల మరణములను నమోదు చేసి, 94 సూచనలు చేసినది.

ఇట్టి జ్ఞాపకమున్న యింటి ముంగిట ఒక బండి వచ్చి నిలిచి, మీ మనుమని బాగు చేయుటకై తీసికొనిపోవుచున్నామనిన, ఆ ముదుసలికి ఏ దృశ్యము కన్నులగట్టును? పాఠశాల పేరు పోయి చికిత్సాలయమని పేరు వచ్చినంత మాత్రమున గుమ్మము మాఱునా? లోపలికి రాగానే దుస్తులు వెదకి, చేతి ఫోను తీసికొని, దస్త్రమున అంకె వేసి, మాట వినకున్న పట్టి బంధించి యొంటరి గదిలో నుంచు ఆచారములు ఏ దేశపు మనోవైద్యాలయమందైన పిల్లలకు కఠినములే. తాత అట్టి గదిలో ఏడ్చిన కథ విని పెరిగిన బిడ్డకు అవి చికిత్సగా తోచుట దుర్లభము. ఉద్యోగి దురుద్దేశము లేనివాడే కావచ్చును. వంశపు జ్ఞాపకము ఉద్దేశమును అడుగదు.

ఈ విషయమున లాబ్రడార్ తీరమందలి డేవిస్ ఇన్లెట్ కథవంటి పాఠము మఱియొకటి లేదు. ఇన్నూ జాతివారు కారిబూ అను దుప్పుల మందల వెంట తిరిగి వేటాడి బ్రదికినవారు. ప్రభుత్వము 1967లో వారిని ఒక దీవిపై స్థిరనివాస మేర్పఱుపజేసినది. ఇండ్లకు కుళాయినీరు లేదు, మురుగుకాలువ లేదు. దుప్పులున్న ప్రధాన భూభాగమునకు, మంచు కరగు కాలమునను గట్టిపడు కాలమునను దాటరాదు. వేటగాండ్రు కూలివాండ్రైరి, పిదప కూలియు లేనివారైరి. 1992 ఫిబ్రవరిలో ఒక యింటికి నిప్పంటుకొని ఆఱుగురు పిల్లలు మరణించిరి. మఱుసటి జనవరిలో పెట్రోలు ఆవిరి పీల్చి మత్తెక్కి, చావవలెనని కేకలు వేయుచున్న పిల్లల చిత్రము ప్రపంచమంతట ప్రదర్శితమైనది. దేశము తల్లడిల్లినది. వెంటనే ఆ పిల్లలను విమానముల మీద ఖండమున కావలి కొసనున్న ఆల్బర్టా రాష్ట్రమునకు, ఆదివాసులే నడుపుచున్న ఒక చికిత్సాకేంద్రమునకు పంపిరి. అచ్చట వారు కొంత కోలుకొనిరి. తిరిగి వచ్చిరి. ఏ దీవికి? నీరులేని ఆ యిండ్లకే, త్రాగుడులో మునిగిన ఆ పెద్దల చెంతకే. అనేకులు కొన్ని నెలలలోనే మరల పెట్రోలు డబ్బా పట్టిరి.

ఇందు చికిత్సాగృహపు దోషము లేదని మా తలంపు. అది మంచిదే. బాగుచేసిన బిడ్డను బాగుపడని చోట దింపుట దోషము. 2000లో పరిస్థితి యెంత విషమించినదనగా, ఇన్నూ నాయకులే తమ బిడ్డలను ప్రభుత్వము తీసికొనిపోయి రక్షింపవలెనని కోరవలసి వచ్చెను. 2002 డిసెంబరున ఊరుకు ఊరే ప్రధాన భూభాగమున నటువాషిష్ అను క్రొత్త గ్రామమునకు తరలింపబడినది. క్రొత్త యిండ్లు, కుళాయిలు వచ్చినవి. ఐనను మత్తు వెంటనే పోలేదు. గోడలు కట్టినంత సులువుగా తల్లిదండ్రులు కట్టబడరు. ఇన్నూ బిడ్డలు ప్రభుత్వ సంరక్షణమున ననుభవించిన దానిని విచారించుటకై ప్రత్యేక సంఘము తన విచారణలను ఆరంభించినది 2023లో! ముప్పదియేండ్ల తరువాత నైన ప్రశ్న నడిగిరి.

మఱియొక బాలుని పేరు కెనడా శాసనచరిత్రలో నిలిచిపోయినది. మానిటోబా రాష్ట్రమున నార్వేహౌస్ క్రీ జాతికి చెందిన జోర్డాన్ రివర్ అండర్సన్ 1999లో జటిలమైన శరీరవ్యాధితో పుట్టెను. వైద్యులు ఇంటివంటి చోటికి పోవచ్చునని చెప్పిన తరువాతను రెండేండ్లకు పైగా ఆసుపత్రిలోనే యుండెను. ఏలయన ఇంటిచెంత పరిచర్యకు డబ్బు కేంద్రమీయవలెనా, రాష్ట్రమీయవలెనా యను వివాదము తెగలేదు. 2005లో, అయిదేండ్ల ప్రాయమున, ఆసుపత్రిలోనే కన్నుమూసెను. ముందు బిడ్డకు కావలసిన దిచ్చి, ఆవల డబ్బు తగవు తీర్చుకొనుడను నియమమును 2007లో పార్లమెంటు ఏకగ్రీవముగ నంగీకరించినది. దానికి ఆ బాలుని పేరే పెట్టిరి. అతనిది మనోవ్యాధి కాదు. ఐనను నేడు పల్లెలోనే మనోవైద్యము కోరు ఆదివాసి పిల్లలకు ఆ నియమమే ఆధారము. ఇంటి చెంత దొరకని వైద్యము బిడ్డను ఇంటికి దూరము చేయును. ఆవాస గృహములు నిండుట కిదియు నొక హేతువు.

ఇంతవరకు రోగమును చెప్పితిమి. ఔషధ మేమి? బ్రిటిషు కొలంబియా రాష్ట్రమున చాండ్లర్, లలోండ్ అను నిరువురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిన పరిశోధనను మన దేశాభిమానులెల్ల చదువదగును. ఆ రాష్ట్రమున రెండువందలకు దగ్గఱగా ఆదివాసి సమాజములు గలవు. యువజనుల ఆత్మహత్యలు ఆదివాసులలో మిక్కుటమని స్థూలముగా చెప్పుట వాడుక. ఈ శాస్త్రజ్ఞులు సమాజము వెంట సమాజమును విడదీసి చూచిరి. 1987 మొదలు 1992 వరకు సగమునకు పైగా సమాజములలో ఒక్క యువజనుడును ఆత్మహత్య చేసికొనలేదు. మరణములలో నూటికి తొంబదికి దగ్గఱగా నూటికి పదునైదుకంటె తక్కువ సమాజములలోనే జరిగినవి. భేదమేమని వెదకిరి. స్వపరిపాలనము, భూమి హక్కులకై పోరు, పాఠశాల, వైద్యము, పోలీసు అగ్నిమాపక సేవలు తమ చేతిలో నుండుట, తమ సంస్కృతికొక కట్టడ ముండుట, ఈ ఆఱును ఎన్ని హెచ్చుగా నున్న మరణము లంత తక్కువ. ఆఱును గల సమాజములలో ఆ కాలమున యువజనుల ఆత్మహత్యలు సున్న. అన్నిటికంటె బలమైన కవచము స్వపరిపాలనము. తరువాతి పరిశీలనమున పాలకసభలో స్త్రీలుండుటయు, శిశుసంరక్షణము తమ చేతిలో నుండుటయు ఈ పట్టికలో చేరినవి. 2007లో భాషనుగూర్చి వెదకగా, సగమునకు మించినవారు మాతృభాషలో మాట్లాడగల సమాజములలో యువజనుల ఆత్మహత్యలు అతిస్వల్పములని తేలినది.

రెండు విషయములు కలిసి యుండుటచేతనే ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదని తార్కికులు మందలింతురు. ఒప్పుకొందుము. స్వపరిపాలనము గల సమాజము ముందే బలముగలది కావచ్చును. ఐనను, తన తాతకు నిన్నయు, తన మనుమనికి రేపును కలవని నమ్మినవాడు ప్రాణమును సులువుగా విడువడను మాటను కాదనుటకు మేము సాహసింపము. స్వరాజ్యమునకై చెఱసాలలకు పోయినవారి మనుమలమైన మనకు ఈ సంగతి నొక శాస్త్రజ్ఞుడు లెక్కలతో నిరూపింపవలసినంత అక్కఱయు లేదు.

ఇట్టి భావముతో నడుపబడు చికిత్సాగృహములు లేకపోలేదు. 1990 దశకము మధ్యనుండి కెనడాలో ఆవిరిమత్తునకు లోబడిన ఆదివాసి యువజనులకై ఆదివాసుల యాజమాన్యముననే కొన్ని గృహములు నడుచుచున్నవి. అచ్చట వైద్యునితో పాటు జాతిపెద్దయు నుండును. ఉదయమున సుగంధపత్రములను కాల్చి ఆ పొగను ముఖమునకు తీసికొందురు. సాంబ్రాణి ధూపము వేసికొను మన కాచారమును వివరింప బనిలేదు. కాని సాధారణ వైద్యశాలలలో అగ్నిభయ ఘంట మ్రోగునని చెప్పి దీనిని నిషేధించుట కలదు! చెమట పట్టించు గుడారము, డోలు, చేపలు పట్టుట, ఉచ్చులు వేయుట, కొన్ని దినములు అడవిలో గుడారము వేసికొని యుండుట, ఇవి సెలవుదినపు వినోదములు కావు, చికిత్సలో భాగములు. వండునది చేప, దుప్పిమాంసము. కుటుంబము వచ్చి యుండుటకు గది యుండును. పెద్దల యెదుట కన్నెత్తి చూడకుండుట మర్యాదయని పెరిగిన బిడ్డను, కన్నులలోనికి చూచి జవాబు చెప్పలేదని మొండివానిగా వ్రాసికొనువారు అచ్చట నుండరు.

ఇచ్చట నొక మాట నిక్కచ్చిగా చెప్పవలెను. డోలు మ్రోగించినంతనే ఉన్మాదము కుదురునని మేము చెప్పుట లేదు. చెవిలో మాటలు వినబడు యువకునికి మందు కావలెను, మందెఱిగిన వైద్యుడు కావలెను. రాత్రి మెలకువతో కావలి యుండు పరిచారిక కావలెను. ఆదివాసుల గృహమను పేర తక్కువ జీతమునకు శిక్షణము లేనివారిని నియమించి, సంస్కృతియే చాలునని ప్రభుత్వము చేతులు దులుపుకొనుట మఱియొక విధమైన ద్రోహము. అట్లే, ఇంటిలోనే హింసకు గుఱియైన బిడ్డను రక్తసంబంధమను పేర ఆ యింటికే తిరిగి పంపుటయు తగదు. అట్టి బిడ్డకు మేనత్తయో, అమ్మమ్మయో, ఊరిలో మఱియొక ఇల్లో వెదకవలెను. ఆ వెదకుట వందల మైళ్ల దూరమున నున్న గుమాస్తా చేయలేడు. ఆ ఊరివారు చేయగలరు. అందుచేతనే యధికారము ఊరివారి చేతిలో నుండవలెననుట.

న్యాయస్థానము లీ దిక్కునకు మెల్లగా మరలినవి. ఆదివాసి శిశుసంరక్షణమునకు తక్కువ ధనమిచ్చి కేంద్రప్రభుత్వము వివక్ష చూపినదని 2016లో మానవహక్కుల ట్రిబ్యునలు తీర్మానించినది. ఆ వివాదమును తొమ్మిదేండ్లు విడువక నడిపినది గిట్‌క్సన్ జాతికి చెందిన సిండీ బ్లాక్‌స్టాక్. ఆ తీర్పు ఫలితముగా 2,300 కోట్ల డాలర్లకు పైబడిన నష్టపరిహారపు ఒడంబడికను 2023లో న్యాయస్థానము ఆమోదించినది. 2019లో చేసిన శాసనము ఆదివాసి జాతులకు తమ పిల్లల సంరక్షణమును గూర్చి తామే శాసనములు చేసికొను అధికారమును గుర్తించినది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. శాసనము కాగితముపై నుండగా గృహములు దక్షిణముననే యున్నవి. విమానము లింకను ఎగురుచునే యున్నవి. ఐనను దారి యేదో స్పష్టమైనది.

ఇక మన మాట. పాడేరు, సీతంపేట, భద్రాచలము, ఉట్నూరు ప్రాంతములందలి ఆశ్రమ పాఠశాలలను కెనడా వసతి పాఠశాలలతో సమానము చేయుట అన్యాయము. మనవారు బిడ్డలను బలవంతముగా లాగికొనిపోలేదు. చదువు కావలెనని తల్లిదండ్రులే పంపుచున్నారు. ఆ బడులనుండి వైద్యులు, ఉపాధ్యాయులు, శాసనసభ్యులు వచ్చిరి. ఐనను ఆ బడులలో పిల్లల మరణవార్తలను మన పత్రికలలో తఱచుగా చదువుచునే యున్నాము. జ్వరమని కొన్ని, కారణము తెలియదని కొన్ని, ప్రాణము తీసికొనెనని కొన్ని. విచారణకు ఆదేశించిరని మఱునాడు ఒక పంక్తి వచ్చును. మూడవనా డది కానరాదు. ఇంటినుండి మొదటిసారి వచ్చిన ఏడేండ్ల సవర పిల్ల రాత్రి ఏ భాషలో ఏడ్చునో, ఆ యేడ్పు నర్థము చేసికొనువారు వసతిలో నెవరున్నారో ఆ పంక్తిలో నుండదు. ఆ పిల్ల పదునాఱేండ్లకు మనసు చెదరినచో తీసికొనిపోవునది విశాఖపట్టణపు వైద్యాలయమునకు. అచ్చటి వైద్యుడు తెలుగున అడుగును. ఆమె తెలుగుననే, తెలిసినంతలో, చెప్పును. దుఃఖము మాత్రము ఇంకొక భాషలో నుండును.

ఈ సంగతిని మనవారు ఎఱుగనిది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు బడి పెట్టుటకు ముందు తాము సవరభాష నేర్చుకొనిరి. ఆ భాష యెఱిగిన మనిషిని ఇంట నుంచుకొని, చెవిని గురువుగా జేసికొని నేర్చిరి. సొంతఖర్చుతో బడులు నడిపిరి, వాచకములు వ్రాసిరి. వారి సవర వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున వెలువడినది. తెనుగున వాడుకభాషకై పోరాడిన పంతులుగారిని గ్రాంథికము వ్రాయు మావంటివారు ఎంత ఎదిరించినను, కొండపిల్లవాని నాలుకను గౌరవించుటలో ఆయనకు సాటి మనలో మఱియొకడు పుట్టలేదని యొప్పుకొనక తప్పదు. తరువాత ఆదిలాబాదు అడవులలో, 1940లో కుమ్రం భీము మరణించిన పిదప, నిజాము ప్రభుత్వము పంపగా వచ్చిన హైమెన్‌డార్ఫ్ పండితుడు మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము పెట్టించి, గోండీ వాచకములతో చదువు చెప్పించెను. బాధను విచారింప వచ్చినవాడు ముందు భాషను విచారించెను. ఈ రెండు దారులును మనవే. మధ్య మనము వానిని గడ్డి మొలవనిచ్చితిమి.

మన దేశపు 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్యరక్షణ చట్టమున ఒక మంచి నియమము గలదు. మైనరు బిడ్డను మనోవైద్యాలయమున నుంచవలసి వచ్చినచో పెద్దలతో కలుపక వేఱుగా నుంచవలెను. బిడ్డకు ప్రతినిధియైనవాడు గాని, అతడు నియమించిన పరిచారకుడు గాని, ఉన్నన్నాళ్లును బిడ్డ చెంతనే యుండవలెను. ఆడపిల్లకు స్త్రీయే తోడుండవలెను. కెనడాలో ఎనమండుగురు ఆదివాసి బిడ్డలకు కఱవైనది ఈ తోడే. చట్టము చేసినవారిని మెచ్చుకొందుము. కాని అరకులో కూలికి పోవు తల్లి, ఇంటిలో ఇంకను ఇద్దఱు పిల్లలున్న తల్లి, నలుబది దినములు పట్టణపు వైద్యాలయమున కూర్చుండవలెనన్న ఆ దినముల కూలి యెవరిచ్చెదరు? ఆమె తిండి యెవరు పెట్టెదరు? చట్టము చాప వేసినది, అన్నము పెట్టలేదు. ఆమె రాలేనిచో నియమము దస్త్రమున సంతకముగా మిగులును, పిల్ల ఒంటరిగా మిగులును.

తోడుగా వచ్చిన ఆదివాసి తల్లికి, లేదా మేనత్తకు, ఉన్నన్నాళ్ల కూలి, రాకపోకల ఖర్చు, భోజనము ప్రభుత్వము చెల్లింపవలెను. మన్యపు ముఖ్యస్థలములలోని ఆసుపత్రులలోనే కొన్ని పడకలతో యువజనుల మనోవైద్య విభాగము పెట్టి, కోయ, సవర, కువి, గోండీ భాషలలో నొకటియైన వచ్చిన స్త్రీపురుషులను అచ్చట జీతముపై నియమింపవలెను. వారు ఆ ఊళ్లవారే కావలెను. ఆశ్రమ పాఠశాలలో చిన్న తరగతుల వసతికి బిడ్డ మాతృభాష తెలిసిన ఆయా ఒకతె లేక చేర్పు జరుగరాదు. వైద్యమై తిరిగి పోవు బిడ్డ వెంట ఊరిదాక ఒకరు పోయి, గ్రామపెద్దలతో కూర్చుండి, ఎవరి యింట నుండునో, ఎవరు చూచుకొనునో తేల్చి రావలెను. డేవిస్ ఇన్లెట్ పిల్లలకు జరుగనిది అది.

వీనిలో మొదటి దానికి క్రొత్త శాసన మక్కఱలేదు, రాబోవు బడ్జెటులో ఒక పద్దు చాలును. భూములు, వ్యాపారములు గల మన చదువరులు తమ శాసనసభ్యులను ఈ పద్దు నడిగి చూడవలెను. అది యెంత చిన్నదో పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ గుమాస్తా యొక పూటలో లెక్కగట్టి చెప్పగలడు.